దినచర్యా పుస్తకమున తిథికి చోటు

గోదావరీ తీరమందలి గృహములలో పంచాంగము మేకునకు వ్రేలాడుచుండెడిది. దాని అంచులలో పితృతిథులు, పాలలెక్కలు, కాలువకు నీరు వదలు దినములు వ్రాసికొనెడివారు. నేటి డైరీలలో ఆంగ్ల తేదీ మాత్రమే మిగిలినది. తిథియో ఏటేటా వేరు తేదీలలో వచ్చును: చైత్ర శుద్ధ పాడ్యమి 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చినది. తండ్రి గతించిన తేదీనే గుర్తుంచుకొన్న కుమారుడు ప్రత్యాబ్దికమును తప్పును. అందుకు అపరాహ్ణవ్యాప్తి గల తిథియే ప్రమాణము కదా!

కావున క్రొత్త పుస్తకమును ఉగాదినాడు తెరచి, పంచాంగము చూచి, ముందుగా నిత్యకర్మలకు వేళలను, పిదప నైమిత్తికములకు దినములను గుర్తించి, మిగిలిన చోటనే కామ్యములను వ్రాసికొనుట యుక్తము. ఉద్యోగమునకు తేదీ అవసరమే. దాని ప్రక్కన తిథిని వ్రాయుటకు అరనిమిషము చాలును.