ఆకాశానికీ ఒక హద్దుంది



వార్షికోత్సవం పనుల మీద మొన్న మన పరవాడ హాస్టల్‌కు వచ్చినప్పుడు, పైలట్ కావాలని కలలు కంటున్న తొమ్మిదో తరగతి తమ్ముడొకడు నన్నడిగాడు: "అన్నా, ట్రైనింగ్‌లో నడిపే చిన్న విమానంతో కూడా బీచ్‌లో నేవీ వాళ్లలా విన్యాసాలు చేయొచ్చా?"

చేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పిరికితనంతో అనడం లేదు, ఫిజిక్స్ విద్యార్థిగా లెక్క చూసి చెబుతున్నాను.

విమానం పల్టీ కొట్టేటప్పుడు రెక్కల మీద పడే భారం దాని బరువుకు ఎన్నో రెట్లవుతుంది. శిక్షణకు ఎక్కువగా వాడే సెస్నా 172 సాధారణ తరగతిలో 3.8 రెట్ల వరకే అనుమతి. విన్యాసాల కోసమే తయారైన విమానాలకు అది 6 రెట్లు. నేర్పుగా కొట్టిన పల్టీకే 3 నుంచి 4 రెట్ల భారం పడుతుంది. చేయి కాస్త తప్పి, ముక్కు కిందికి దిగి, వేగం పెరిగి, కంగారులో గట్టిగా లాగితే హద్దు దాటడానికి క్షణం చాలు. పైగా ఆ విమానంలో పెట్రోలు రెక్కల్లోంచి కిందికి జారి ఇంజన్‌కు చేరుతుంది. తలకిందులైతే ఆ ధార ఆగిపోతుంది.

"చేసి క్షేమంగా దిగినవాళ్లు లేరా?" అనవచ్చు. ఉన్నారు. మా నాన్న క్రేన్ దగ్గర ఖలాసీ. 5 టన్నులని రాసిన క్రేన్‌తో 7 టన్నులు ఎత్తితే ఆ రోజు ఏమీ కాకపోవచ్చట. తర్వాతెప్పుడో 3 టన్నులకే తాడు తెగుతుందట. విమానం కూడా అంతే. లోపల పడిన పగులు కంటికి కనిపించదు. తప్పు చేసినవాడు ఇంటికి పోతాడు, మర్నాడు అదే విమానం ఎక్కిన అమాయక విద్యార్థి బలవుతాడు.

2010 మార్చి 3న హైదరాబాద్ బేగంపేట వైమానిక ప్రదర్శనలో నౌకాదళ 'సాగర్ పవన్' బృందం కిరణ్ విమానం కూలి, కమాండర్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ ప్రాణాలు కోల్పోయారు. అది విన్యాసాలకు పనికొచ్చే విమానం. వారు ఆరితేరినవారు. అయినా ఆకాశం క్షమించలేదు. మరి అందుకు తయారుకాని విమానంలో, ఆ శిక్షణే లేనివాడి గతేమిటి?

తమ్ముడూ, నువ్వు తప్పక పైలట్‌వి కావాలి. విన్యాసాలు నేర్చుకోవాలనుంటే తగిన విమానంలో, తగిన గురువు దగ్గర నేర్చుకో. మనలాంటి ఇళ్లలో మొదట పైకి లేచినవాడు పడిపోతే వెనకవాళ్ల దారి కూడా మూసుకుపోతుంది. హద్దు తెలిసి ఎగిరేవాడే పదిమందిని వెంట తీసుకెళ్లగలడు.