లండన్‌లో రెండు రోజులు, చెప్పని ఒక మాట

మా ఎస్.ఆర్. నగర్‌లో సాయంత్రం ఆరు దాటాక పార్కు బెంచీల మీద చేరే పెద్దవారి మాటలు వింటే ప్రపంచ పటం ముందు కూర్చున్నట్టే ఉంటుంది. ఒకరి అబ్బాయి డల్లాస్‌లో, ఒకరి అమ్మాయి మెల్‌బోర్న్‌లో, ఇంకొకరి పిల్లలిద్దరూ సింగపూర్‌లో. మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటరు కోర్సులు నేర్చుకుని విమానం ఎక్కిన పిల్లల తల్లిదండ్రులం మేము. ఏడాదికో రెండేళ్ళకో వారి దగ్గరకు వెళ్తాం. పిల్లలు రెండు మూడు రోజులు సెలవు పెట్టి ఏదో ఒక పెద్ద పట్టణం తిప్పి చూపిస్తారు. తిరిగి వచ్చాక ఆ ఫోటోలు ఒకరికొకరం చూపించుకుంటాం. ఫోటోల్లో అందరం నవ్వుతూనే ఉంటాం. ఆ తిరుగుడులో మన మోకాళ్ళు ఏమయ్యాయో మాత్రం ఎవరమూ చెప్పుకోము. ఈ నెల నా సంగతి నేనే చెబుతాను.

2023 జూన్ నెలలో బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్ళాను. మా వారు ప్రభువునందు నిద్రించి అప్పటికి రెండేళ్ళు. 2021లో, ఆ కరోనా రోజుల్లో, అబ్బాయి తండ్రి కడచూపుకు కూడా రాలేకపోయాడు. కాబట్టి నేను వెళ్ళగానే, “నాన్నకు చూపించలేకపోయాను, నీకైనా లండన్ చూపిస్తానమ్మా” అన్నాడు. కోడలికి ఆసుపత్రిలో శని ఆదివారాలు డ్యూటీ పడింది. గనుక తల్లీ కొడుకులమే బయలుదేరాం. బర్మింగ్‌హామ్ నుంచి లండన్ యూస్టన్ స్టేషనుకు రైలులో సుమారు గంటన్నర ప్రయాణం.

రైలులో వాడు ఒక కాగితం తీసి చూపించాడు. రెండు రోజుల్లో చూడవలసిన పదకొండు చోట్లు, వేళలతో సహా వ్రాసుకున్నాడు. కొన్నింటికి ముందే టికెట్లు కూడా కొన్నాడు. ఆ కాగితం చూసి ముచ్చట పడ్డాను. నా కుడి మోకాలి సంగతి మాత్రం చెప్పలేదు. అంతకు మూడు నెలల ముందు పంజగుట్టలో నన్ను చూసే డాక్టరుగారు మోకాలికి సూది మందు వేసి, మెట్లు బాగా తగ్గించమన్నారు. ఆ సంగతి అబ్బాయికి ఫోనులో కూడా చెప్పి ఉండలేదు. దూరాన ఉన్నవాడు, కంగారు పడతాడని నా ఉద్దేశం.

మొదటి రోజు వెస్ట్‌మినిస్టర్ దగ్గర గడియారపు గోపురం, పార్లమెంటు భవనం, అక్కడ నుంచి నడిచి బకింగ్‌హామ్ రాజభవనం చూశాం. మధ్యాహ్నం థేమ్స్ నది ఒడ్డున కూర్చుని కోడలు కట్టిచ్చిన పులిహోర తిన్నాం. తరువాత లండన్ టవరుకు వెళ్ళాం. మన కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూరు అక్కడే ఉంది. 1937లో చేయించిన ఒక రాణి కిరీటంలో దానిని పొదిగారు. కిరీటాల ముందు కదిలే పట్టీ ఉంటుంది. దాని మీద నిలబడితే అదే మనలను ముందుకు తీసుకుపోతుంది. కోహినూరు కన్నా ఆ పట్టీ మీద నడవకుండా నిలబడటమే నాకు హాయిగా అనిపించింది. అయినా “చాలా బాగుంది నాన్నా” అన్నాను. బాత్‌రూములోకి వెళ్ళి నొప్పి మాత్ర వేసుకుని వచ్చాను.

ఇక భూగర్భ రైలు. మన ఎస్.ఆర్. నగర్ మెట్రో స్టేషనులో లిఫ్టు ఉన్నట్టే అక్కడా అంతటా ఉంటుందని అనుకున్నాను. కానీ మన మెట్రో 2017లో వచ్చింది, లండన్‌లో భూగర్భ రైలు 1863లోనే మొదలైంది. ఆ పాత కాలపు స్టేషన్లన్నిటికీ లిఫ్టులు పెట్టడం ఇప్పటికీ పూర్తి కాలేదు. మొత్తం 270కి పైగా స్టేషన్లలో మెట్టు ఎక్కకుండా వీధి నుంచి ప్లాట్‌ఫారం దాకా వెళ్ళగలిగినవి సుమారు మూడో వంతు మాత్రమే. ఆ సాయంత్రం ఒక స్టేషనులో పైకి ఎక్కుతూ సగం మెట్ల మీద నా కాలు కదలనన్నది. అక్కడే కూర్చుండిపోయాను. జనం మా పక్క నుంచి పోతూనే ఉన్నారు. ఎవరో ఒక అమ్మాయి ఆగి, అడగకుండానే నా సంచి తీసుకుని పైకి చేర్చింది. మా అబ్బాయి ముఖం పాలిపోయింది.

గదికి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగాడు.

“ఎప్పటి నుంచి అమ్మా ఈ నొప్పి?”

అన్నీ చెప్పాను, సూది మందు సంగతితో సహా.

“మరి ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు టికెట్లన్నీ కొన్నావు కదా నాన్నా. ఒక్కొక్కటి మన రూపాయల్లో ఎంతో లెక్క వేసుకున్నాను. వృథా అవుతాయని...”

వాడు ఒక్కసారిగా గొంతు పెంచాడు. “నాన్న సంగతి కూడా ఇలాగే చేశారు. కాస్త జ్వరం అన్నారు. రెండు రోజులు అదే మాట. మూడో రోజు ఐ.సి.యు.లో చేర్చాము అన్నారు. నాకు నిజం చెప్పి ఉంటే ఫోనులోనైనా నాన్నతో మాట్లాడేవాడిని.” ఆ మాట అని, అటు తిరిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. కాబట్టి వాడు ఏడుస్తున్నాడని నాకు కనబడింది.

అమ్మలారా, నాన్నలారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రేమతోనే దాచాను. అయినా నా దాపరికం నా బిడ్డకు ఎంత నష్టం చేసిందో రెండేళ్ళ తరువాత తెలిసింది.

మర్నాడు ఉదయం వాడు ఆ కాగితం తీయలేదు. “నీకు ఎక్కడికి వెళ్ళాలని ఉందమ్మా?” అన్నాడు. అంతవరకు వాడు అడగలేదు, నేను చెప్పలేదు. నేను పుట్టి పెరిగింది మెదక్‌లో. కరవు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ కట్టించిన పెద్ద చర్చి నీడలో ఆడుకున్నాను. దానిని కట్టించిన ఛార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1924 డిసెంబరు 25న దానిని ప్రతిష్ఠించారు. ఆ మిషనుకు మూలపురుషుడైన జాన్ వెస్లీ కట్టించిన చాపెల్ లండన్‌లో సిటీ రోడ్డు మీద ఉందని మా నాన్నగారు చెబుతుండేవారు. “అది చూడాలని ఉంది” అన్నాను. వాడి పదకొండు చోట్లలో అది లేదు.

రైలు వద్దనుకుని యూస్టన్ రోడ్డు మీద బస్సు ఎక్కాం. లండన్ సిటీ బస్సుల నేల మన కాలిబాట ఎత్తుకు దగ్గరగా ఉంటుంది, ఎక్కడం తేలిక. వెస్లీ చాపెల్ 1778లో ప్రారంభమైంది. పక్కనే ఆయన ఇల్లు. 1791లో 87 ఏళ్ళ వయసులో ఆ ఇంట్లోనే మరణించాడు. చాపెల్ వెనుక తోటలో సమాధి ఉంది. ఆదివారం కనుక ఆరాధనలో కూర్చున్నాం. ఎన్నో దేశాల వారు ఉన్నారు. నేను చీరలో ఉన్నానని ఎవరూ వింతగా చూడలేదు.

రోడ్డుకు అవతల బన్‌హిల్ ఫీల్డ్స్ అనే పాత శ్మశానవాటిక ఉంది. మన ఇళ్ళలో ‘యాత్రికుని ప్రయాణము’గా చదువుకునే గ్రంథం వ్రాసిన జాన్ బన్యన్ సమాధి అక్కడే. దాని పక్క రాతిలో వీపున మూట మోస్తున్న యాత్రికుణ్ణి చెక్కారు. అదే వాటికలో వెస్లీ తల్లి సూసన్నా కూడా ఉంది. 1742లో మరణించింది. మూడున్నర దశాబ్దాల తరువాత కొడుకు తన చాపెల్‌ను, ఇంటిని తల్లి సమాధికి ఎదురుగా కట్టుకున్నాడన్న మాట.

సూసన్నా 19 మంది బిడ్డలను కన్నది. అందులో సగం మంది వరకు పసితనంలోనే పోయారు. అంతమంది నడుమ కూడా ఒక్కొక్క బిడ్డతో విడిగా మాట్లాడటానికి వారంలో ఒక సాయంత్రం కేటాయించింది. జాన్‌కు గురువారం. పెద్దవాడై ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లో కూడా అతడు ఆ గురువారపు సాయంత్రాలను గుర్తు చేస్తూ తల్లికి జాబు వ్రాశాడు. అంతకన్నా పెద్ద ఆస్తి అతనికి ఆమె ఏమిచ్చింది?

చెట్ల కింద బెంచీ మీద రెండు గంటలకు పైగా కూర్చున్నాం. తండ్రి సమాధి ఫోటో నేను పంపినా ఇంతవరకు తెరిచి చూడలేదని వాడు చెప్పాడు. రాత్రిళ్ళు ఒంటరిగా ఉండటం నాకు భయంగా ఉందని నేను చెప్పాను. ఇద్దరం కలిసి ఆ ఫోటో చూశాం. కాగితంలో మిగిలిన ఏడు చోట్లు చూడకుండానే సాయంత్రం రైలు ఎక్కాం.

ప్రియ పాఠకులారా, మీరు కూడా త్వరలో పిల్లల దగ్గరకు వెళ్తున్నట్టయితే, బయలుదేరక ముందే మీ ఆరోగ్యం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎంత దూరం నడవగలరో, ఎన్ని మెట్లు ఎక్కగలరో చెప్పండి. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ కావాలంటే టికెట్టు కొనేటప్పుడే అడగండి, అందులో సిగ్గు లేదు. ప్రయాణపు భీమా తీసుకునేటప్పుడు పాత జబ్బులు దాచవద్దు, దాస్తే అవసరానికి డబ్బు రాకపోవచ్చు. బ్రిటన్‌లో సందర్శకులకు ప్రభుత్వ వైద్యం అంతా ఉచితం కాదు. మందులు, డాక్టరు చీటీ చేతి సంచిలోనే ఉంచుకోండి. పిల్లలారా, రోజుకు రెండు చోట్లు చాలు. టికెట్లు కొనక ముందు అమ్మను, నాన్నను ఒక్క మాట అడగండి. “మీ ఇష్టం” అంటే మళ్ళీ అడగండి. మా తరం వాళ్ళం మొదటిసారి నిజం చెప్పము.

ఇప్పుడు ప్రతి గురువారం రాత్రి తొమ్మిది గంటలకు మా ఇంట్లో ఫోను మోగుతుంది. అక్కడ అప్పటికి సాయంత్రం. వాడు మొదట అడిగేది మోకాలి గురించే. బాగుందని చెప్పేద్దామని ఇప్పటికీ నోటి దాకా వస్తుంది. మింగేసి, ఎలా ఉందో అలాగే చెబుతున్నాను.