చెరువుగట్టున అద్దె ఇల్లు: తాళం తీసుకునే ముందు

పిల్లల చదువుల కోసమో, ఉద్యోగం కోసమో, పెద్దల వైద్యం కోసమో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నుంచి హనుమకొండకు తరలివచ్చే కుటుంబాలు ఇటీవల నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నాయి. చెరువు దగ్గర కొత్తగా పెరుగుతున్న కాలనీలో ఇల్లు దొరికింది, గాలి బాగుంది, కట్ట మీద నడవవచ్చు, అద్దెకు దిగవచ్చునా అని. ఇది ఇళ్లు చూపించే మధ్యవర్తిని అడగవలసిన ప్రశ్నగా మీకు తోచవచ్చు. కాని ఇల్లు మన ఆరోగ్యాన్ని మందులకన్నా ముందుగా నిర్ణయిస్తుంది. అందుచేత దీనికి వైద్యుడు సమాధానం చెప్పడం అనుచితం కాదని నా అభిప్రాయం.

ముందుగా మంచిని ఒప్పుకుందాం. భద్రకాళి చెరువు కట్టను అభివృద్ధి చేసిన తరువాత వరంగల్, హనుమకొండవాసులకు వాహనాల భయం లేకుండా నడిచే చోటు దొరికింది. వడ్డేపల్లి చెరువు కట్ట మీదా ఉదయం పూట నడిచేవారు కనిపిస్తారు. జనగామలో బతుకమ్మకుంట వంటి జలాశయాలను చూసినా, నీటి దగ్గర నాలుగు అడుగులు వేయాలన్న కోరిక చిన్న పట్టణాల ప్రజలకూ ఉన్నదని తెలుస్తుంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నవారికి ఇంటి ముందరే నడక బాట ఉండడం చిన్న విషయం కాదు.

అయితే చెరువు అనేది చూడముచ్చటైన నీటి పళ్లెం మాత్రమే కాదు. దానికి నీరు వచ్చే దారి ఉంటుంది, పోయే దారి ఉంటుంది. కాకతీయుల నాటి గొలుసుకట్టు పద్ధతిలో పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరేది. నడుమ ఉన్న వాగులు, కాలువలు ఆ నీటి సొంత బాటలు. ఆ బాటల మీద మనం ఇళ్లు కట్టుకున్నాం. నీరు తన దారిని మరచిపోదు.

దీనికి దూరం పోయి సాక్ష్యాలు వెతకనవసరం లేదు. 2020 ఆగస్టులో వరంగల్, హనుమకొండ కాలనీలు జలమయమయ్యాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. మన రాష్ట్రంలో ఏడాది మొత్తానికి సగటున కురిసేదే సుమారు 900 మిల్లీమీటర్లు. అదే వానకు భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని వాగు ముంచెత్తగా, గ్రామస్థులు ఇళ్ల పైకప్పుల మీద ప్రాణాలు అరచేత పట్టుకుని నిలిచారు. ఆ రోజుల్లోనే భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడి, దిగువనున్న కాలనీలవారిని ఖాళీ చేయించవలసి వచ్చింది. 2024 సెప్టెంబరు తొలినాళ్లలో మహబూబాబాద్ జిల్లా కేసముద్రం వద్ద రైలు పట్టాల కింది కంకరే కొట్టుకుపోయింది. 2025 అక్టోబరులో మొంథా తుపాను వానకు వరంగల్ నగరం మళ్లీ మునిగింది. అంటే ఈ ముప్పును ఎన్నడో ఒకసారి వచ్చే విపత్తుగా తోసిపుచ్చలేము.

వరద తీసిన మరునాడు టీవీలవారు వెళ్లిపోతారు. వైద్యుని పని అప్పుడే మొదలవుతుంది. మురుగు, తాగునీటి గొట్టాలు ఏకమైన వీధుల్లో వాంతులు, విరేచనాలు ముందుగా వస్తాయి. టైఫాయిడ్, కామెర్లు కొన్ని వారాల తరువాత బయటపడతాయి. నీటి ద్వారా సోకే కామెర్లలో హెపటైటిస్-ఇ గర్భిణులకు ప్రాణాంతకం కాగలదు. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో పగిలిన పాదాలతో నడిచినవారికి లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. పాములు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి. గోడలు నెలల తరబడి ఆరవు. ఆ చెమ్మలో పెరిగే బూజు ఉబ్బసం ఉన్న పిల్లలను రాత్రుళ్లు నిద్రపోనివ్వదు.

వరద రాని సంవత్సరాలలో దోమ ఉంటుంది. ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. డెంగీ దోమ చెరువులో పెరగదు. మన ఇంటి తొట్టిలో, కూలరులో, పూలకుండీ కింది పళ్లెంలో పెరిగి పగటిపూట కుడుతుంది. దానికి చెరువును నిందించడం తగదు. కాని చెరువులో మురుగు కలిసినప్పుడు, గుర్రపుడెక్క అల్లుకున్నప్పుడు క్యూలెక్స్ వంటి దోమలు విపరీతంగా పెరిగి రాత్రిపూట కుడతాయి. బోదకాలును వ్యాపింపజేసేది ఈ క్యూలెక్స్ దోమే. కాబట్టి చెరువు దగ్గరా, దూరమా అన్నదానికన్నా ఆ చెరువులో ఏమి కలుస్తున్నదన్నది ముఖ్యమైన ప్రశ్న. 2024 నవంబరులో భద్రకాళి చెరువును ఖాళీ చేసి పూడికతీతకు పూనుకున్నారు. కట్ట మీద దీపాలు పెట్టడంకన్నా ఇటువంటి పనే ఆరోగ్యానికి మేలు. కాని పూడిక తీసిన చెరువులోకి మురుగు రాకుండా ఆపనిదే ఆ మేలు నిలువదు.

ఎదుగుతున్న కాలనీల తీరు ఒకటి గమనించండి. ముందు దీపాలు వస్తాయి, తరువాత హోటళ్లు వస్తాయి, ఆ వెంటనే కిరాయిలు పెరుగుతాయి. మురుగు కాలువ అన్నిటికన్నా చివర వస్తుంది. ఆ నడుమ కాలమంతా అక్కడ నివసించేవారు తమ శరీరాలతో మూల్యం చెల్లిస్తారు. అందులోనూ న్యాయం లేదు. చెరువు అందం పై అంతస్తులకు దక్కుతుంది, చెరువు నీరు కింది గదులకు దక్కుతుంది. తక్కువ అద్దెకు కింది గదిలో దిగేది పల్లె నుంచి వచ్చిన పేద కుటుంబమే.

అత్యంత కఠినమైన చిక్కు కూడా అక్కడే ఉన్నది. మోకాళ్లు అరిగిన తల్లికి మెట్లు వద్దని మేమే చెబుతాము. లిఫ్టు లేని భవనంలో ఆమెకు కింది అంతస్తే అనువు. అర్ధరాత్రి నీరు వస్తే అందరికన్నా ముందు చిక్కుకునేదీ ఆమే. పక్షవాతం వచ్చినవారు, వారానికి రెండు మూడు సార్లు డయాలిసిస్‌కు పోవలసినవారు, నెలలు నిండిన గర్భిణి ఉన్న ఇల్లు గతంలో నీరు చేరిన వీధిలో ఉండకూడదన్నది నా నిశ్చితాభిప్రాయం. అద్దె ఎంత తగ్గించినా ఒప్పుకోవద్దు.

మిగిలినవారు పరీక్షించి నిర్ణయించుకోవచ్చు. ఇంటిని ఎండాకాలంలో చూసి మురిసిపోకండి, వాన పడిన మరునాడు చూడండి. మరొకసారి సాయంత్రం ఏడు గంటలకు వెళ్లి పావుగంట నిలబడండి, దోమలూ దుర్వాసనా మీకే తెలుస్తాయి. కొత్త రంగు వేసిన గోడను నమ్మవద్దు. మెట్ల కింద, ప్రహరీ వెనుక నీటి చారలు చూడండి. కరెంటు మీటరు ఎంత ఎత్తున ఉన్నది, సంపు మూత రోడ్డు మట్టానికి పైన ఉన్నదా, మురుగు ఎటు పోతున్నది అన్నవి గమనించండి. యజమానిని కాక, వీధి చివర కిరాణా దుకాణదారుని అడగండి, "2023లో ఇక్కడ నీళ్లు ఎంతదాకా వచ్చాయి?" అని.

ఇల్లు చెరువు పూర్తి మట్టం లోపల ఉన్నదా అన్నది కూడా విచారించండి. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువు నుంచి 9 మీటర్లు నిర్మాణాలు లేకుండా వదలాలి. శిఖం భూమిలో కట్టిన ఇంటికి అద్దె ఇచ్చేవారు నీటికీ, కూల్చివేతకూ రెంటికీ భయపడుతూ బతకాలి.

కొన్నవాడు ఇల్లు వదలలేడు, అద్దెకున్నవాడు వదలగలడు. ఈ ఒక్క బలాన్ని అడ్వాన్సు కింద తాకట్టు పెట్టకండి. ఆరు నెలల అడ్వాన్సు, ఏడాదిదాకా కదలరాదన్న షరతు ఉంటే ఒప్పుకోవద్దు. ఒక నెల ముందు చెప్పి ఖాళీ చేసే వీలు, నీరు చేరితే అడ్వాన్సు వెంటనే తిరిగిచ్చే మాట ఒప్పందంలో రాయించుకోండి. దిగిన తరువాత ఒక వానాకాలం గడిచేదాకా ఆ ఇంటిని పరీక్షలో ఉన్న ఇల్లుగానే భావించండి. విలువైన కాగితాలు, మందులు, వైద్య నివేదికలు పై అలమారాలో ఉంచండి. నీటిని కాచి చల్లార్చి తాగండి.

చెరువుకు నడిచి పోగలిగినంత దగ్గరగా, చెరువు నడిచి రాలేనంత ఎత్తులో ఇల్లు దొరికితే సంతోషంగా దిగండి. అటువంటిది దొరకకపోతే రెండు వీధులు వెనక్కి జరగండి. ఉదయపు నడకకు ఆ రెండు వీధులు కలిసివస్తాయి.