చలికాలంలోనూ ఓఆర్ఎస్ పొట్లం ఇంటికి చేరాలి

విరేచనాలు అనగానే మనకు వానాకాలం గుర్తొస్తుంది. కొత్త నీరు, ఈగలు, మురుగు కలిసిన కుళాయి నీళ్లు కళ్లముందు మెదులుతాయి. ప్రభుత్వ ప్రచారమూ ఆ లెక్కనే సాగుతోంది. 2014లో మొదలైన అతిసార నియంత్రణ పక్షోత్సవాలైనా, 2024 జులై, ఆగస్టుల్లో జరిగిన ‘స్టాప్ డయేరియా’ కార్యక్రమమైనా వానలను దృష్టిలో పెట్టుకున్నవే. కలరా వంటి బ్యాక్టీరియా వ్యాధులకు ఈ ఏర్పాటు సరైనదే. పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు ప్రధాన కారణాల్లో ఒకటైన రోటావైరస్‌కు మాత్రం ఇది చాలదు.

ఉత్తర భారతంలో రోటావైరస్ కేసులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎక్కువగా ఉంటాయి. దక్షిణాదికి వచ్చేకొద్దీ ఈ హెచ్చుతగ్గులు అంత స్పష్టంగా కనిపించవు, కేసులు ఏడాది పొడవునా వస్తుంటాయి. చల్లని, పొడి వాతావరణంలో ఈ వైరస్ బొమ్మలు, గిన్నెలు, తలుపు గడియల వంటి వాటి మీద ఎక్కువ కాలం నిలిచి ఉంటుందని ప్రయోగాల్లో తేలింది. వాతావరణం ఒక్కటే కారణం కాదు. ఒక ప్రాంతంలో కొత్తగా ఎందరు పిల్లలు పుడుతున్నారు, వారిలో ఎందరికి టీకా అందింది అన్నవి కూడా వ్యాధి ఉద్ధృతిని, వచ్చే సమయాన్ని మారుస్తాయి.

నీళ్లు కాచి తాగిస్తే చాలనుకోవడమూ పొరపాటే. టీకా రాకముందు, సురక్షిత నీరు ఉన్న సంపన్న దేశాల్లోనూ దాదాపు పిల్లలందరికీ ఐదేళ్లలోపే ఈ వైరస్ సోకేది. అతి తక్కువ వైరస్ కణాలు నోట్లోకి వెళ్లినా జబ్బు రావచ్చు.

చలికాలంలో బిడ్డకు విరేచనాలైతే ‘పళ్లొస్తున్నాయిలే’ అని ఊరుకునే ఇళ్లున్నాయి. మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొని పట్టేవారూ ఉన్నారు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లోని నీరు, లవణాలు తగ్గిపోవడం. లీటరు ఓఆర్ఎస్ పొట్లాన్ని మొత్తంగా లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొద్దికొద్దిగా పట్టాలి. వైద్యుల సలహాతో 14 రోజులు జింక్ ఇవ్వాలి. తల్లిపాలు, తిండి ఆపకూడదు. బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోతుకుపోయినా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మనకు టీకా ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల నుంచి సేకరించిన వైరస్ రకంతో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రోటావ్యాక్‌ను తయారుచేసింది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో దీన్ని మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాల వయసులో మూడు మోతాదులూ పడాలి. అయితే పరీక్షల్లో, మొదటి ఏడాదిలో తీవ్రమైన జబ్బును ఇది అడ్డుకున్నది సుమారు 56 శాతమే. కాబట్టి టీకా వేసిన ఇంట్లోనూ ఓఆర్ఎస్ అవసరం తీరదు.

ఆశా కార్యకర్తలకు ఇప్పటికే తలకు మించిన పని ఉందన్న మాట నిజమే. అందుకే మరో కొత్త ప్రచారం అడగడం లేదు. పిల్లల న్యుమోనియాపై 2019లో మొదలైన ‘సాన్స్’ కార్యక్రమం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు సాగుతుంది. దగ్గు, ఆయాసం గురించి ఆరా తీసే ఆ సందర్శనలోనే రెండు ఓఆర్ఎస్ పొట్లాలు ఇచ్చి, జింక్ గురించి చెప్పి, టీకా కార్డులో రోటా మోతాదులు చూడవచ్చు. ఈ నవంబరు నుంచే ఆ పని మొదలుపెట్టాలి.