కుట్టుపని అంటే జాకెట్టు ఒక్కటేనా?

కుట్టుశిక్షణ అనగానే మనవారికి జాకెట్టు, పావడా తప్ప మరొకటి స్ఫురించదు. గంగవరం, పలమనేరు ప్రాంతాన బెంగుళూరు రోడ్డుపై సాగే లారీల టార్పాలిన్లు, సీట్లు, పెళ్ళి షామియానాలు కూడా కుట్టుపనే కదా! వాటికి ఇంటిమిషను చాలదు. దళసరి మడతలో సూది విరుగుతుంది. పొడవుచేయి గల భారీ యంత్రంలో సూదికి కుడిప్రక్క చోటు విశాలం. చుట్టిన టార్పాలిన్ అందులో ఇముడుతుంది. నడిచే పాదమున్న రకంలోనైతే పాదము, సూది, క్రింది పళ్ళు కలిసి కదులుతూ పొరలను జారనీయవు.

ఇది మగవారి పని అనే మాట చెల్లదు. పొరుగున అంబూరు పాదరక్షల కర్మాగారాలలో మోటారు మిషన్లపై తోలు కుట్టేది అధికంగా స్త్రీలే. ధర ఒక కుటుంబానికి భారమే, నిజం. అందుచేతనే మన కళాశాలలో ఉమ్మడి యంత్రమొకటి నెలకొల్పవలసినదిగా కమిటీవారిని కోరుతున్నాను. మెకానిక్కు అందుబాటులో ఉన్న రకమే కొనాలి. సూది వద్ద వ్రేళ్ళకు రక్షణకమ్మీ తప్పనిసరి.