మొదటి కారూ, మూడో మనిషీ

మన హాస్టళ్ళలో ఈమధ్య కారు మాట తరచుగా వినిపిస్తోంది. "ఒరేయ్, సెకండ్ హ్యాండులో ఏది చవగ్గా వస్తుందిరా?" అని అడిగేవాళ్ళే గాని, "దాని ఇన్సూరెన్సు ఏడాదికి ఎంతవుతుంది?" అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. కారు కొనడం ఒక్కరోజు ముచ్చట. ఇన్సూరెన్సు మాత్రం తద్దినంలా ఏటేటా వస్తుంది. సంపాదన లేని మనలాంటివాళ్ళు, పంట చేతికొస్తేనే డబ్బు చూసే మా నాన్నలాంటివాళ్ళు ముందు ఆలోచించవలసింది ఈ రెండో ఖర్చు గురించే.

ఇది నాకు వాదన కోసం వచ్చిన విషయం కాదు. మాది వ్యవసాయ కుటుంబం. మూడెకరాల మాగాణి, రెండెకరాల మెట్ట. నానమ్మను నెలకు రెండుసార్లు టౌను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అందుకని మిరప అమ్మిన డబ్బులో కొంత పక్కనబెట్టి పాత కారు ఒకటి కొందామన్నారు నాన్న. నడిపేది నేనే కాబట్టి ఎంచే బాధ్యత కూడా నామీదే పెట్టారు.

బ్రిటనులో ఇరవై ఏళ్ళ కుర్రాడు కారు కొంటే, ఇన్సూరెన్సు కంపెనీవాళ్ళు ముందు అతని వయసు, లైసెన్సు వచ్చి ఎన్నాళ్ళయిందీ అడుగుతారు. కుర్రతనానికి అక్కడ ప్రీమియం చాలా ఎక్కువ. ఒక్కోసారి పాత కారు ఖరీదుకన్నా ఏడాది ప్రీమియమే ఎక్కువవుతుంది. ఎలా నడుపుతున్నాడో కనిపెట్టడానికి కారులో చిన్న పెట్టె కూడా బిగిస్తారు.

మన దేశంలో పద్ధతి వేరు. చట్టప్రకారం తప్పనిసరి అయిన 'థర్డ్ పార్టీ' ఇన్సూరెన్సు రేటును ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. అందులో నడిపేవాడి వయసు ప్రసక్తి లేదు. చూసేది ఇంజను సైజు ఒక్కటే. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సి.సి. వరకు ఉన్న సొంత కారుకు ఏడాదికి 2,094 రూపాయలు. వెయ్యి దాటి 1,500 లోపయితే 3,416. పదిహేనువందలు దాటితే 7,897. పన్ను అదనం.

ఈ లెక్క చూశాక ఏ కారు కొనాలన్న ప్రశ్న సగం తేలిపోయినట్లే. మారుతి 800, ఆల్టో 800 ఇంజన్లు 796 సి.సి. ఆల్టో కె10, ఒక లీటరు వ్యాగనార్ 998 సి.సి. గీతకు రెండు సి.సి. లోపల! పెట్రోలు స్విఫ్టు పన్నెండువందలకు దగ్గర. పాత శాంత్రోల్లో కూడా చాలావాటికి ఇంజను వెయ్యి దాటుతుంది. స్విఫ్టు నడిపితే వచ్చే గొప్ప ఏమిటో గాని, ఆ గీత దాటినందుకు ఏటా 1,322 రూపాయలు ఎక్కువ కట్టాలి. మా ఊళ్ళో అది ఒక మనిషికి రెండుమూడు రోజుల కూలి.

ఇక రెండోది, మన కారుకు తగిలే దెబ్బలకు ఇన్సూరెన్సు. ఇది తప్పనిసరి కాదు. రేటు కూడా కంపెనీనిబట్టి మారుతుంది. కారు పాతబడుతున్నకొద్దీ దానికి కట్టే విలువ తగ్గుతుంది. నాలుగేళ్ళు దాటి అయిదేళ్ళ లోపు బండికి సగం విలువే లెక్క. పదేళ్ళ కారుకు ఇది కట్టాలా వద్దా అన్నది ఇంటి పరిస్థితినిబట్టి తేల్చుకోవచ్చు. బంపరు సొట్ట పడితే సొట్టతోనే తిరగొచ్చు. ఆదా చేయదలచినవారు ఇక్కడ చేయండి. మొదటిదాని జోలికి మాత్రం పోకండి.

ఈ మాట ఎందుకంటున్నానంటే, ఆదా పేరుతో చాలామంది ఎగ్గొట్టేది సరిగ్గా ఆ మొదటిదే. నేను చూసిన మూడు పాత కార్లలో రెండింటికి ఇన్సూరెన్సు ఎప్పుడో అయిపోయింది. "కాగితాలదేముంది తమ్ముడూ, తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇంజను విను" అన్నాడు బ్రోకరు. మా చిన్నాన్నదీ అదే ధోరణి. "మన కారు ఊరూ పొలం తప్ప ఎక్కడికి పోద్దిరా? పట్టుకున్ననాడు కడదాంలే" అన్నాడు. 2019లో చట్టం సవరించాక ఇన్సూరెన్సు లేకుండా మొదటిసారి దొరికితే జరిమానా 2,000 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. జైలు మాట మరిచిపోయి, రెండువేల జరిమానానూ 2,094 ప్రీమియాన్నీ పక్కపక్కన పెట్టుకుంటే చిన్నాన్న లెక్క సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

కాని ఆ లెక్కలో ఒక మనిషి లేడు. అతనే థర్డ్ పార్టీ, మూడో మనిషి. పాలసీలో మొదటివాడు యజమాని, రెండోది కంపెనీ, మూడోవాడు దారినపోయేవాడు. ఈ మూడో మనిషి ఎవరు? తెల్లవారుజామున సైకిలు మీద పాల క్యాను పెట్టుకొని పోయే మనిషి. నాట్లు వేసి రోడ్డు అంచున వరసగా నడిచొచ్చే ఆడకూలీలు. వాళ్ళు మనకు పరాయివాళ్ళు కారు. అక్క, బాబాయి, పెద్దమ్మ అని మనం వరసలు పెట్టి పిలిచేవాళ్ళే. ఊరూ పొలం తప్ప తిరగని కారుకు అడ్డం పడేది కూడా ఊరివాళ్ళే కదా! చట్టం దృష్టిలోనూ, జనం తిరిగే హక్కున్న డొంకదారికీ జాతీయ రహదారికీ తేడా లేదు.

ఇన్సూరెన్సు లేని కారు ఎవరినైనా గుద్దితే ట్రిబ్యునలు వేసే నష్టపరిహారం యజమానే కట్టాలి. కట్టకపోతే ట్రిబ్యునలు సర్టిఫికెట్టు మీద కలెక్టరుగారు దాన్ని భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేయవచ్చు. శిస్తు బకాయి అంటే ఏమిటో రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు. రెండువేలకు చూసుకుంటే రెండెకరాలు పోవచ్చు. అంతకన్నా ఘోరం, యజమాని దగ్గర ఏమీ లేకపోతే కాలు విరిగిన కూలిమనిషికి వచ్చేది తీర్పు కాగితం ఒక్కటే. 2,094 రూపాయలంటే పన్ను కలిపినా రోజుకు ఏడు రూపాయలు దాటదు. మన క్యాంటీనులో ఆ డబ్బుకు టీ కూడా రాదు.

ఫిజిక్సు విద్యార్థిగా ఇంకొక్క మాట. వేగం రెట్టింపయితే గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. ఈ సూత్రం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే రోడ్డెక్కగానే మర్చిపోతాం. వయసు చూసి మన దగ్గర ఎక్కువ వసూలు చేయకపోవడం మనకు దక్కిన వెసులుబాటు. కుర్రవాళ్ళ తొందరపాటు ఖరీదును అనుభవం ఉన్న పెద్దలు కూడా మనతో సమంగా మోస్తున్నారన్నమాట. ఆ మర్యాద నిలబెట్టుకోవాలి.

అయితే ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటుంది. ఏడాదంతా క్లెయిము లేకుండా నడిపినవారికి ఇచ్చే బోనసు 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పోతుంది. కాని అది సొంత బండి దెబ్బల ప్రీమియంలోనే. థర్డ్ పార్టీలో ఒక్క పైసా తగ్గదు. తన బండికి గీత పడకుండా చూసుకున్నవాడికి బహుమతి ఉంది గాని, పదేళ్ళు ఎవరినీ గాయపరచనివాడికి లేదు. ఇది మారాలని నా అభిప్రాయం.

కొనబోయే మిత్రులకు నాలుగు మాటలు. ఎద్దును కొనేటప్పుడు మనవాళ్ళు పళ్ళు చూస్తారు, సుడులు చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. కారుకు కాగితాలే సుడులు. ఆర్.సి. పేరు వెంటనే మార్పించుకోండి. ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్నవాడే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్సు కంపెనీకి తెలియజేయండి. కారు నాన్న పేర ఉండి ఆయనకు లైసెన్సు లేకపోతే, యజమానికి వర్తించే 15 లక్షల ప్రమాద బీమా ఆయనకూ రాదు, నడిపే కొడుక్కూ రాదు. కారు ఎవరి పేర కొనాలో ముందే ఆలోచించుకోవాలి. ఎల్.ఎల్.ఆర్. మీద నేర్చుకునేటప్పుడు పక్కన లైసెన్సున్నవారు ఉండాల్సిందే. స్నేహం కొద్దీ లైసెన్సు లేనివాడికి తాళాలివ్వకండి. కంపెనీ బాధితుడికి కట్టినా, తిరిగి యజమాని దగ్గరే వసూలు చేసుకోవచ్చు.

చివరికి నేను నాన్నకు చెప్పింది ఇదే. వెయ్యి సి.సి. లోపు కారు చూద్దాం. రంగు వెలిసినా ఫరవాలేదు. బేరంలో తగ్గించిన డబ్బులో ముందు ఇన్సూరెన్సు కడదాం. తాళాలు ఆ తర్వాతే తీసుకుందాం. నాన్న ఒప్పుకున్నారు. చిన్నాన్న ఇంకా ఒప్పుకోలేదు. ఆయన కారు కాగితాల గడువు వచ్చే నెలతో అయిపోతుంది. ఆ డబ్బు కట్టేదాకా నేను ఊరుకోను.