నుడికారము : ఏకు, మేకు, మిరియము



పండితులు కూర్చిన మాటలకు నిఘంటువులు సాక్ష్యము పలుకును. స్త్రీల పనిపాటలలో పుట్టిన మాటలకో, ఆ పనియే సాక్షి. పని మాసిపోయినచో మాట యొక్క అర్థమును మసకబారును. పత్తికిని మిరపకును పేరొందిన మన గుంటూరు సీమలో అట్టి మాటలకు కొదువ లేదు. వానిలో కొన్నింటిని ఈ నెల విచారింతము.

“ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు” అను సామెతను వినని వారుండరు. కాని ఏకనగా నేమని పిల్లల నడిగినచో తెల్లబోవుదురు. మేకను నాలుగుకాళ్ల మేకయని భ్రమించు వారును కలరు. గింజ తీసి శుభ్రపఱచిన దూదిని సన్నని పుల్లకు చుట్టి, ఆ పుల్లను మెల్లగా లాగివేయగా మిగులు మెత్తని చుట్టయే ఏకు. రాట్నము ముందు కూర్చున్న యిల్లాలు ఒక చేత చక్రమును త్రిప్పుచు, రెండవచేత ఏకును పట్టి కదురునుండి నూలు తీయును. ఊదిన ఎగిరిపోవునంత తేలికయైన వస్తువది. మేకన్ననో, గోడలో దిగగొట్టిన యినుపచీల. పెఱికిన గాని ఊడదు. మెత్తగా వచ్చి చేరి, పిమ్మట కదలక పీడించువానికి ఇంతకంటె తగిన పోలిక యేమున్నది? ఏకు బరువు చేతికి తెలిసినవారే ఈ సామెతను కట్టియుందురు.

ఏకుట యనగా దూదిని విడదీయుటయు నగును. వింటివంటి సాధనము యొక్క నారిని దూదిపై మ్రోగించినచో చిక్కులు విడి, దుమ్మును చెత్తయు రాలి, దూది నురుగువలె పొంగును. ఒకని తప్పులన్నింటిని పోగుపోగుగా బయటబెట్టి చీవాట్లు పెట్టినప్పుడు “ఏకిపారవేసినారు” అనుట యిందుండి వచ్చినదే. ఈ పని కులవృత్తిగా గలవారు దూదేకులవారు. వీరు ఇస్లాము మతస్థులు. ఇంట మాటాడునది తెనుగు. నూర్‌బాషాలనియు వీరికి పేరు. గుంటూరు, ప్రకాశము మండలములలో వీరు పెక్కురు కలరు. ఈ పేరును కొందఱు వేళాకోళమునకు వాడుదురు. అట్టివారు ఒక్క సంగతి తలపవలెను. మన పెద్దల పఱుపును, బాలింతరాలి దిండును, పసిబిడ్డ బొంతను మెత్తన చేసినది ఆ వింటినారియే. శ్రమను తెలుపు పేరు తిట్టు కారాదు.

“చంద్రునికొక నూలుపోగు” అను మాటయు నూలు వడికిన యిండ్లకు చక్కగా తెలిసినదే. శుక్లపక్ష విదియనాడు సన్నని చంద్రరేఖ కనబడగానే, కట్టిన బట్టనుండి యొక పోగు తీసి చంద్రునకు సమర్పించుట ఆచారము. అట్లు చేసిన క్రొత్తబట్టలు లభించునని నమ్మకము. గొప్పవారికి మనమిచ్చు అల్పమైన కానుకకు ఈ మాట చెల్లుచున్నది. పోగు చిన్నదే, దానిని వడికిన చేతికి మాత్రము దాని విలువ తెలియును.

19వ శతాబ్దమున మిల్లునూలు వచ్చి, ఇంటి రాట్నమును అటకెక్కించెను. (“అటకెక్కుట”యు మన యింటి మాటయే సుమా!) 1921వ సంవత్సరము మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమై, దేశమున 20 లక్షల రాట్నములను నడపవలెనని తీర్మానించెను. ఆ దినములలో ఏకులు మరల పెక్కిండ్లకు వచ్చినవి. పిమ్మట మరల కనుమఱుగైనవి. నేడు మన చేలలో పత్తి తీయు స్త్రీలలో ఏకును కంటితో చూచినవారు అరుదు.

ఇక “కారాలు మిరియాలు నూరుట”. మిరప మన దేశమున పుట్టినది కాదు, అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబసు ఆ ఖండపు దీవులకు చేరెను. 1498లో వాస్కోడగామా కళ్లికోటకు వచ్చెను. ఆ వెనుక పోర్చుగీసు వర్తకుల మూలమున మిరప మన దేశమునకు దిగుమతియైనది. అంతకుముందు మన వంటలకు ఘాటు నిచ్చినది మిరియము. క్రొత్తకాయకు పాతదాని పేరే పెట్టి “మిరపకాయ” అన్నారు. అరవలు మిళగునుబట్టి మిళగాయి యనియు, కన్నడిగులు మెణసునుబట్టి మెణసినకాయి యనియు అన్నది ఇట్లే. నేడు కారమన్న మనకు తోచునది మిరపపొడియే. కావున ఈ నుడిలో క్రొత్తకోడలును పాత అత్తయు ఒకే సన్నికల్లుపై కూడినట్లున్నది! పొత్రము పట్టి ఈ రెంటిని నూరునామె కన్నులెఱ్ఱనగును, ముక్కుపుటములదరును, పండ్లు బిగియును. కోపమునకు వేఱు చిత్తరువేల?

సన్నికల్లు మూలకు జేరినది. కారము పొట్లములలో వచ్చుచున్నది. రెక్కలకు విశ్రాంతి కలిగినందుకు సంతోషింపవలసినదే. కాని మాటను మాత్రము పొల్లుగింజగా పిల్లల కందింపరాదు. ఏకన నేమో యెఱుగని బిడ్డకు, దానిని వడికిన ముత్తవ్వ కష్టమును తెలియదు.

కావున సోదరీమణులారా, ఈ నెల మీ యింటి అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి, పనిలో పుట్టిన మాట నొక్కదానిని తెలిసికొనుడు. ఆ పనిముట్టు అటకమీద నున్నచో దింపించి పిల్లలకు చూపుడు. మాట నిలుచును, మనవారి శ్రమయు మఱపున పడకుండును.